ఎన్ఎఫ్‌బీ సైటు: ఉచితంగా చూసే కెనడా సినిమాలు, వాటి వెనకున్న ఆర్థర్ ఇర్విన్

కెనడా ప్రభుత్వానికి నేషనల్ ఫిల్మ్ బోర్డ్ అని ఒక సినిమా సంస్థ ఉంది. అందరూ ఎన్ఎఫ్‌బీ అంటారు. డాక్యుమెంటరీలు, యానిమేషన్ సినిమాలు తీయడం దాని పని. 1939లో పుట్టిన ఈ సంస్థ 2009 జనవరి నుంచి తన సినిమాలను సొంత సైటులోనే ఉచితంగా చూపిస్తోంది. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. వాటిని చూడటానికి లాగిన్ అక్కర్లేదు, కార్డు నంబరు అడగరు, మధ్యలో యాడ్ రాదు. మనవళ్లు, మనవరాళ్లు ఉన్నవాళ్లకీ, సినిమా తీయడం నేర్చుకుంటున్న కుర్రాళ్లకీ, నాలాగా ప్రభుత్వ ప్రచారం పనిలో బతికినవాళ్లకీ సందేహం లేకుండా చూడమని చెబుతాను. ఐదుకి నాలుగున్నర మార్కులు వేస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో ముందుకెళ్లాక చెబుతాను.

నేను విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా మొదలై, తర్వాత ప్రభుత్వ ప్రచార ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. మా జిల్లాలో ఒక సినిమా వ్యాన్ నా కింద ఉండేది. పదహారు ఎం.ఎం. ప్రొజెక్టర్, తెల్లగుడ్డ తెర, కొట్టంలో దూరంగా పెట్టే జనరేటర్, రీలు తెగితే అతికించే స్ప్లైసర్, ఇంతే సరంజామా. సాయంత్రం ఊళ్లోకి వెళ్లి మైకులో చెప్పడం, చీకటి పడగానే ముందు కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఫిలిమ్స్ డివిజన్ వాళ్ల న్యూస్‌రీలు, తర్వాత టీకాల మీదో, ఎరువుల మీదో ఒక చిన్న సినిమా, ఆ తర్వాత జనం అడిగే పాత తెలుగు సినిమా. పిల్లలు లైటుకి అడ్డంగా చేతులు పెట్టి తెర మీద కుక్కల్నీ పిట్టల్నీ ఆడించేవాళ్లు. కాబట్టి ఒక దేశం తన ప్రభుత్వ సినిమాల్ని ఇలా తీర్చి, శుభ్రం చేసి, ప్రపంచమంతటికీ తెరిచి పెట్టిందంటే దాని విలువేంటో నాకు బాగా తెలుసు.

కెనడాలోనూ ఇలాంటి వ్యాన్లు తిరిగాయని ఈ సైటు చూడటం మొదలుపెట్టాకే తెలుసుకున్నాను. 1942 నుంచి ఎన్ఎఫ్‌బీ ఊరూరికీ ప్రొజెక్షనిస్టులను పంపేది. నెలకోసారి వచ్చి బడిలోనో, చర్చి హాల్లోనో బొమ్మ వేసి, మర్నాడు పక్క ఊరికి వెళ్లేవాళ్లు. మొదటి కమిషనర్ జాన్ గ్రియర్సన్ స్కాట్లాండ్ మనిషి, డాక్యుమెంటరీ చరిత్రలో పెద్దపేరు. ఎన్ఎఫ్‌బీ అనగానే అందరూ ఆయన పేరే చెబుతారు. నేను మాత్రం ఈ సమీక్షలో ఆయన తర్వాత వచ్చిన ఇంకో కమిషనర్ గురించి చెప్పాలి. ఆయన లేకపోతే మనకీ సైటులో చూడటానికి ఇన్ని సినిమాలు మిగిలేవని నేననుకోను. ఆయన విలియం ఆర్థర్ ఇర్విన్. 1950 నుంచి 1953 దాకా ఉన్నారు. జర్నలిస్టుగా వచ్చి, ప్రభుత్వాధికారిగా పనిచేసి, హైకమిషనర్‌గా, రాయబారిగా దేశాలు తిరిగి, చివరికి మళ్లీ పత్రికలోకే వెళ్లిన మనిషి.

ఇర్విన్ 1898లో ఒంటారియోలోని ఎయిర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసి వచ్చి, టొరంటోలో దినపత్రికల్లో రిపోర్టర్‌గా చేశారు. 1925లో మెక్లీన్స్ పత్రికలో చేరారు. పాతికేళ్లు అక్కడే. ఎడిటర్ పేరు చాలాకాలం వేరేవాళ్లది ఉన్నా, రోజువారీ పని ఈయనదే. 1945లో కుర్చీ కూడా ఆయనకే వచ్చింది. ఆ రోజుల్లో కెనడా అంతా పక్కనున్న అమెరికా పత్రికలు చదివేది. వాటి మధ్య కెనడా మనుషుల కథలు, కెనడా రచయితలు, కెనడా చిత్రకారులు గీసిన ముఖచిత్రాలు పెట్టి జాతీయ పత్రికను నిలబెట్టాలని ఆయన పట్టుబట్టారు. వాంకోవర్ నుంచి పియర్ బెర్టన్ అనే కుర్ర జర్నలిస్టును 1947లో పత్రికలోకి తెచ్చిందీ ఇర్వినే. ఈ బెర్టన్ పేరు గుర్తుపెట్టుకోండి, సైటులో మళ్లీ తగులుతారు.

ఇప్పుడు అసలు ఘట్టం. 1945 సెప్టెంబరులో ఒట్టావాలోని సోవియట్ రాయబార కార్యాలయంలో సంకేత లిపి గుమాస్తాగా ఉన్న ఇగోర్ గుజెంకో కాగితాల కట్టతో సహా బయటికొచ్చేశాడు. కెనడాలో గూఢచారుల భయం మొదలైంది. ఆ కాగితాల్లో పేరున్న ఒకావిడ కొన్నాళ్లు గ్రియర్సన్ దగ్గర సెక్రటరీగా పనిచేసిందన్న మాటతో ఎన్ఎఫ్‌బీ మీద కూడా మచ్చ పడింది. 1949 నవంబరులో ఫైనాన్షియల్ పోస్ట్ పత్రిక ఒక కథనం వేసింది: రక్షణ శాఖ తన రహస్య చిత్రాల పని ఎన్ఎఫ్‌బీకి ఇవ్వడం లేదు, అక్కడివాళ్ల మీద నమ్మకం లేదు అని. ప్రభుత్వమే తన సంస్థను నమ్మడం లేదని పత్రికలో వస్తే ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. అప్పటి కమిషనర్ రాస్ మెక్లీన్‌ పదవీకాలాన్ని పొడిగించలేదు. ఆయన జాగాలోకి ఇర్విన్‌ను అడిగారు. తమాషా ఏంటంటే ఫైనాన్షియల్ పోస్ట్, మెక్లీన్స్ రెండూ ఒకే యాజమాన్యం పత్రికలు. దెబ్బ కొట్టిందీ ఆ ఇంటినుంచే, ఆదుకోవడానికి వచ్చిందీ ఆ ఇంటినుంచే.

కెనడా కేంద్ర పోలీసు దళమైన రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీస్ ముప్పైకి పైగా పేర్లతో ఒక జాబితా ఇచ్చింది. వీళ్ల మీద అనుమానం ఉంది, తీసేయాలి అని. కొత్తగా కుర్చీలో కూర్చున్న అధికారికి ఇంతకన్నా సుళువైన దారి ఉండదు. జాబితా మీద సంతకం పెట్టేస్తే పైవాళ్లు మెచ్చుకుంటారు, పత్రికలు చల్లబడతాయి, పార్లమెంటులో ప్రశ్నలు ఆగిపోతాయి. నేను చూసిన అధికారుల్లో నూటికి తొంభైమంది అదే చేస్తారు. ఇర్విన్ ఆధారం చూపించమన్నారు. ఒక్కొక్కరి సంగతీ విడిగా చూడాలన్నారు. ఎవరో ఏదో అన్నారన్న మాట మీద ఒకరి ఉద్యోగం తీసేయనన్నారు. పాతికేళ్లు ఎడిటర్ పని చేసిన మనిషి కదా, రిపోర్టర్ కాపీ తెస్తే ఇది నీకెవరు చెప్పారు అని అడగడం అలవాటైన నోరు. చివరికి ముగ్గుర్ని మాత్రమే తీసేశారు.

ఆ ముగ్గురికీ బహిరంగ విచారణ జరగలేదు. వాళ్లు తమ వాదన నలుగురి ముందు చెప్పుకోలేదు. ఒప్పందాలు పొడిగించకపోవడం వల్లా, ఆ వాతావరణం భరించలేకా వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. అది అన్యాయమే, ఇర్విన్ గురించి చెప్పేటప్పుడు దాన్ని దాటేయకూడదు. కానీ ఆ జాబితా మొత్తాన్ని అమలుచేసి ఉంటే అప్పుడున్న ఎన్ఎఫ్‌బీ ఖాళీ అయ్యేది. నార్మన్ మెక్లారెన్, కోలిన్ లో, రోమన్ క్రోయిటర్, టామ్ డేలీ లాంటి సినిమావాళ్లు పనిచేసుకోవడానికి ఒక ఇల్లు మిగిలిందంటే అందులో ఆయన పాత్ర ఉంది.

రెండోది చట్టం. 1950లో కొత్త నేషనల్ ఫిల్మ్ యాక్ట్ వచ్చింది. మంత్రులు బోర్డులో కూర్చునే పద్ధతి పోయింది. కమిషనరే బోర్డు అధ్యక్షుడు. కెనడాను కెనడావాళ్లకీ, ఇతర దేశాలకీ అర్థమయ్యేలా చూపించడం సంస్థ పని అని చట్టంలోనే రాసుకున్నారు. ప్రచార శాఖల్లో పనిచేసినవాళ్లకి ఈ వాక్యం విలువ తెలుస్తుంది. మంత్రిగారి శంకుస్థాపన తీయడం, మంత్రిగారి పుట్టినరోజు తీయడం అని అందులో లేదు. దేశాన్ని చూపించాలి, అంతే. ఒట్టావాలో పాత కలప మిల్లులో ఇరుగ్గా నడుస్తున్న సంస్థను మాంట్రియల్‌కు తరలించాలన్న నిర్ణయం కూడా ఇర్విన్‌దే. ఆ మార్పు 1956లో, ఆయన వెళ్లిపోయాక పూర్తయింది. ఫ్రెంచ్ మాట్లాడే ఊళ్లోకి వెళ్లబట్టే తర్వాత ఫ్రెంచ్ సినిమాలు అంత బలంగా వచ్చాయి. ఇదే సైటుకి ఫ్రెంచ్ వైపు కూడా ఉంది, అక్కడ వేరే లోకం కనిపిస్తుంది.

అన్నీ గొప్ప సినిమాలే వచ్చాయని చెప్పను. అది కోల్డ్ వార్ కాలం. ‘ఫ్రీడమ్ స్పీక్స్’ అనే కార్యక్రమం కింద ప్రజాస్వామ్యం గొప్పదనం చెప్పే సినిమాలు తీశారు. ఆ తరహావి కొన్ని చూస్తే మన పాత న్యూస్‌రీళ్ల గొంతే వినిపిస్తుంది. బరువైన మగ గొంతు, వెనక బ్యాండు, అన్నీ బాగున్నాయన్న ధీమా. వాటిని నేను ఉద్యోగ ఆసక్తితో చూశాను, మీరు వదిలేసినా ఏం పోదు.

కానీ అదే కాలంలో ‘నైబర్స్’ వచ్చింది. 1952. ఎనిమిది నిమిషాలు. సైటులోకి వెళ్లగానే ముందు చూడాల్సింది ఇదే. పచ్చగడ్డి మీద పక్కపక్కన రెండు ఇళ్లు. ఇళ్లంటే అట్టముక్క మీద గీసిన ముందు గోడలే. ఇద్దరు మగవాళ్లు మడత కుర్చీల్లో కూర్చుని పైపు కాలుస్తూ పేపరు చదువుతుంటారు. ఒక పేపరు హెడ్డింగు, శాంతి లేకపోతే యుద్ధం ఖాయం అని. రెండోదాని హెడ్డింగు, యుద్ధం లేకపోతే శాంతి ఖాయం అని. డెస్కు మీద కూర్చుని హెడ్డింగులు పెట్టినవాణ్ణి కాబట్టి అక్కడే ఆపి మళ్లీ చూశాను. ఇద్దరి మధ్యా ఒక పువ్వు పూస్తుంది. దాని వాసనకి ఇద్దరూ తేలిపోతారు. ఆ పువ్వు ఎవరిదన్న దగ్గర మొదలై, కంచె నాటడం, కంచె కర్రలు పీకి కత్తుల్లా తిప్పుకోవడం, మొహాలకి రంగులు రావడం, అవతలివాడి ఇంటి గోడ పడగొట్టడం, లోపలున్న భార్యనీ బిడ్డనీ కూడా వదలకపోవడం దాకా వెళ్తుంది. ఆ ఆడవాళ్ల, పిల్లల షాట్లు చాలామంది భరించలేరని కొన్ని ప్రింట్లలో తీసేశారు, తర్వాత తిరిగి కలిపారు. చిన్నపిల్లలకి చూపించేవాళ్లు ముందు మీరు ఒకసారి చూసుకోండి.

దాన్ని తీసిన పద్ధతి చెప్పాలి. బొమ్మలు గీసి కదిలించే బదులు, దర్శకుడు నార్మన్ మెక్లారెన్ బతికున్న మనుషుల్నే బొమ్మల్లా ఒక్కో ఫ్రేము తీశారు. మనిషి ఎగిరినప్పుడు ఒక ఫ్రేము, మళ్లీ ఎగిరినప్పుడు ఇంకో ఫ్రేము, అలా కలిపితే గాల్లో తేలుతూ జారిపోతున్నట్టు కనిపిస్తుంది. పిక్సిలేషన్ అంటారు. నటుడు ఎన్నిసార్లు ఎగిరి ఉంటాడో తలుచుకుంటేనే మోకాళ్లు నొప్పెడతాయి. సంగీతానికి వాయిద్యాల్లేవు. ఫిల్ము అంచున ధ్వని పట్టీ ఉంటుంది, మా ప్రొజెక్టర్‌లో దాన్ని చదివే చిన్న బల్బు మాడిపోతే సినిమా మూగదయ్యేది. మెక్లారెన్ ఆ పట్టీ మీద పడాల్సిన గీతల్ని తనే తయారుచేసి శబ్దం పుట్టించారు. ఈ సినిమాకి 1953లో డాక్యుమెంటరీ లఘుచిత్రం విభాగంలో ఆస్కార్ వచ్చింది. కల్పిత కథకి డాక్యుమెంటరీ బహుమతి ఏంటో ఇప్పటికీ నాకు వింతే. 2009లో యునెస్కో తన ‘ప్రపంచ జ్ఞాపకాల’ పట్టికలో చేర్చింది. కొరియాలో యుద్ధం నడుస్తుండగా, కమ్యూనిస్టుల కోసం సాగిన ఎర్రభూతం వేటలో పడి లేచిన ఒక ప్రభుత్వ సంస్థ, ప్రభుత్వ డబ్బుతో ఇలాంటి యుద్ధ వ్యతిరేక సినిమా బయటికి పంపింది. పై అధికారి వెన్నులో బలం లేకపోతే ఇలాంటివి ఫైలు దశ దాటవు.

రెండోది, నాకు అన్నిటికన్నా దగ్గరైనది, ‘పాల్ టోంకోవిచ్: స్ట్రీట్ రైల్వే స్విచ్‌మన్’. 1953లో రోమన్ క్రోయిటర్ తీశారు. తొమ్మిది నిమిషాలు. విన్నిపెగ్ నగరంలో చలికాలం రాత్రి. పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక ముసలాయన చీపురు, పార, లాంతరు పట్టుకుని ట్రాము పట్టాలు చీలేచోట పేరుకున్న మంచును తుడుస్తుంటాడు. రిటైరవడానికి ఎంతో దూరం లేదు. ట్రాములు వస్తుంటాయి, ఆయన పక్కకి జరుగుతాడు, మళ్లీ వంగుతాడు. తన మనసులో మాట చెబుతున్నట్టు గొంతు వినిపిస్తుంది. సొంతూళ్లో తనవాళ్లని యుద్ధం మింగిందనీ, ఈ ఊళ్లో రాత్రిపూట రోడ్డు మీద నడిస్తే ఎవరూ ఏమీ అనరనీ. ఆ గొంతు ఆయనది కాదు, ఒక నటుడు చెప్పాడు. ఆ సంగతి తెలిశాక కొందరికి సినిమా మీద అభిమానం తగ్గుతుంది. నాకు తగ్గలేదు. మొహం మీద లాంతరు వెలుతురు, ఊపిరి ఆవిరై పోవడం, గడ్డకట్టిన పట్టా మీద చీపురు రాసుకునే చప్పుడు, అవి చాలు. తెల్లారాక ఒక హోటల్లోకి వెళ్లి గుడ్లూ రొట్టే ముందేసుకుని తింటాడు. రాత్రి డ్యూటీ చేసినవాడి ఆకలి అలాగే ఉంటుంది. కెనడా మొహాలు అనే వరసలో యువ దర్శకుల్ని మామూలు మనుషుల మీదికి పంపి తీయించిన సినిమాల్లో ఇదొకటి. మెక్లీన్స్‌లో పాతికేళ్లు ఇర్విన్ కోరుకున్నది ఇదే కదా, సొంత దేశపు మనిషిని సొంత దేశానికి చూపించడం. ఆ కోరిక కాగితం మీదినుంచి తెర మీదికి వచ్చిందనిపిస్తుంది.

‘రాయల్ జర్నీ’ని త్వరగా చెప్పేస్తాను. 1951లో యువరాణిగా ఉన్న ఎలిజబెత్, ఫిలిప్ కెనడా తిరిగినప్పటి సినిమా. దాదాపు గంట. అప్పుడే వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము మీద తీయడం పెద్ద సాహసం, థియేటర్లలో జనం విరగబడి చూశారు. సంస్థకి పోయిన పరువు తిరిగి తెచ్చినవాటిలో ఇదీ ఒకటి. గళ్లచొక్కా వేసుకున్న ఫిలిప్‌తో ఆమె పల్లె నాట్యం చేసే చోటు సరదాగా ఉంటుంది. మిగతాది రాజుగారి ఊరేగింపే. రంగులు మాత్రం ఇప్పటికీ కంటికి హాయిగా ఉన్నాయి.

పియర్ బెర్టన్ అన్నాను కదా. 1957లో వచ్చిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’ చూడండి, వ్యాఖ్యానం ఆయనదే. కెనడా వాయవ్య మూలనున్న యూకాన్‌లో బంగారం దొరికిందని జనం ఎగబడ్డ డాసన్ ఊరి కథ. బెర్టన్ పెరిగిన ఊరదే. కోలిన్ లో, వుల్ఫ్ కోనిగ్ తీశారు. పాత గాజు పలకల ఫొటోల మీద కెమెరాను నెమ్మదిగా నడిపించి కథ చెబుతారు. చిల్‌కూట్ కనుమ మంచు కొండ మీద నల్లటి చీమల బారులాగా మనుషులు మూటలు మోసుకుంటూ ఎక్కుతున్న ఫొటో వచ్చినప్పుడు కాసేపు ఆపండి. ఇవాళ ఫొటోల మీద కెమెరా కదులుతూ సాగే చరిత్ర కార్యక్రమాలు టీవీలో ఎన్ని వస్తున్నాయో, వాటికి ఇదే పెద్దన్న. దీనికి ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా పండగలో డాక్యుమెంటరీ లఘుచిత్రం బహుమతి వచ్చింది. అప్పటికి ఇర్విన్ ఎన్ఎఫ్‌బీలో లేరు. ఆయన పత్రికలోకి తెచ్చిన జర్నలిస్టు, ఆయన నిలబెట్టిన సంస్థ ఒకచోట కలిసింది మాత్రం ఈ సినిమాలో.

1953లో ఆయన ఆస్ట్రేలియాకి హైకమిషనర్‌గా వెళ్లారు. 1957లో బ్రెజిల్ రాయబారి, 1960 నుంచి 1964 దాకా మెక్సికో. ఈ పదకొండేళ్లలో ఎన్ఎఫ్‌బీ మూడేళ్లలో కనిపించినంత పని నాకు కనిపించలేదు. అయితే ఆ ప్రయాణంలో ఇంకొకరి జీవితం మారింది. ఎన్ఎఫ్‌బీలో స్క్రిప్టులు రాసే కవయిత్రి పి.కె. పేజ్‌ని ఆయన 1950లో పెళ్లి చేసుకున్నారు. కెనడా ఇంగ్లీషు కవిత్వంలో పెద్దపేరు, 1954లో గవర్నర్ జనరల్ సాహిత్య పురస్కారం అందుకున్నారు. బ్రెజిల్ వెళ్లాక కవిత్వం రావడం ఆగిపోయింది. రాయడం కుదరని చోట ఆమె బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. పి.కె. ఇర్విన్ అనే పేరుతో సంతకం పెట్టేవారు. రాయబారి భార్యగా విందుల మధ్య తిరుగుతూ ఒక మనిషి కొత్త కళ నేర్చుకోవడం మామూలు సంగతి కాదు. ఆమె మీద డొనాల్డ్ వింక్లర్ 1990లో ‘స్టిల్ వాటర్స్’ అనే డాక్యుమెంటరీ తీశారు, అదీ ఎన్ఎఫ్‌బీదే. కవిత్వం ఇష్టమున్నవాళ్లు వెతికి చూడండి.

1964లో ఇర్విన్ మళ్లీ పత్రికలోకి వచ్చారు. పసిఫిక్ తీరంలోని విక్టోరియా నగరంలో విక్టోరియా డైలీ టైమ్స్‌కి పబ్లిషర్. 1971 దాకా నడిపారు. రాయబారిగా రిటైరైనవాళ్లు సాధారణంగా కమిటీల్లో, క్లబ్బుల్లో కాలం గడుపుతారు. ఈయన అరవై ఆరేళ్ల వయసులో దినపత్రిక టెన్షన్ నెత్తికెత్తుకున్నారు. 1999లో నూటొక్క ఏళ్లకి పోయారు.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. సినిమా పేజీల్లో దర్శకుడు, నిర్మాత, కెమెరా, ఎడిటింగ్, సంగీతం, ఎంత వివరంగానో ఇస్తారు. ఆ సినిమా పుట్టడానికి ఆఫీసులో ఎవరు గొడుగు పట్టారో ఉండదు. ‘నైబర్స్’ పక్కన ఇర్విన్ గురించి రెండు పేరాలు, ఆ పోలీసు జాబితా గురించి ఒక పేరా ఉంటే చూసేవాళ్లకి సినిమా ఇంకో రకంగా తెలుస్తుంది. ఇంకొకటి, క్యాప్షన్లు ఇంగ్లీషు, ఫ్రెంచ్‌కే పరిమితం. కొత్త సినిమాలు కొన్ని కెనడా బయట తెరుచుకోవు, కొన్నిటికి అద్దె కట్టాలి. ప్రజల డబ్బుతో తీసినవి ముందు ఆ ప్రజలకి చెందాలన్నది న్యాయమే కాబట్టి దానికి మార్కు తగ్గించలేదు.

భాష రాదన్న బెంగ పెట్టుకోకండి. మాటల్లేని సినిమాలు బోలెడు. మన ఇళ్లలో మొదలుపెట్టడానికి ‘ఎ చెయిరీ టేల్’ మంచిది. 1957, పది నిమిషాలు. ఒకతను కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకోవాలనుకుంటాడు, కుర్చీ కూర్చోనివ్వదు. వెంటపడతాడు, బతిమాలతాడు, కుస్తీ పడతాడు. నన్ను కూడా నీ మీద కూర్చోనివ్వు అన్నది కుర్చీ కోరిక అని అతనికి తట్టేదాకా గొడవ తేలదు. సంగీతం మన పండిట్ రవిశంకర్ సితార్, చతుర్ లాల్ తబలా. కుర్చీ విసుక్కుంటే తబలా విసుక్కుంటుంది, కుర్చీ అలిగితే సితార్ అలుగుతుంది. మా మనవరాలు దీన్ని ఎన్నిసార్లు పెట్టించుకుందో. తర్వాత ‘బీడ్ గేమ్’, 1977. గుజరాత్‌లో పుట్టి, అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదివి కెనడా వెళ్లిన ఈశూ పటేల్ తీశారు. నల్లటి నేల మీద వేల పూసలు పురుగులై, చేపలై, జంతువులై ఒకదాన్నొకటి మింగుతూ మనిషి దాకా, అణుబాంబు దాకా వస్తాయి. ఐదు నిమిషాల్లో అంత కథ. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

మన దేశానికి ఇంకో ముడి కూడా ఉంది. ఎన్ఎఫ్‌బీ తొలి తరంలోని జేమ్స్ బెవరిడ్జ్ 1954లో ఇండియా వచ్చి, బర్మా షెల్ చమురు కంపెనీ కోసం డాక్యుమెంటరీలు తీస్తూ కొన్నేళ్లు ఇక్కడే ఉన్నారు. తర్వాత 1980ల మొదట్లో ఢిల్లీ జామియా మిలియా విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం పెట్టినప్పుడు అందులో ఆయన చెయ్యి ఉంది. ఇవాళ మన డాక్యుమెంటరీవాళ్లలో ఎందరో ఆ కేంద్రంలో చదువుకున్నవాళ్లే.

వాడకం గురించి రెండు మాటలు. ఫోన్‌లో బాగానే ఆడతాయి, కానీ టోంకోవిచ్ లాంటి రాత్రి సినిమాల్ని టీవీకి కలిపి, గదిలో లైటు ఆపి చూడండి, లేకపోతే మంచు తప్ప ఏమీ కనిపించదు. మా ఇంట్లో నెట్ సాయంత్రాలు నెమ్మదిస్తుంది, అది మా కేబుల్ అబ్బాయి పుణ్యం, సైటుది కాదు. పొద్దున పెడితే ఆగకుండా వచ్చాయి. చిన్న సినిమాలు ఎక్కువ కాబట్టి డేటా కూడా పెద్దగా కాదు. ఎన్ఎఫ్‌బీకి యూట్యూబ్ చానెల్ ఉంది, కానీ సైటులోనే చూడమంటాను. సినిమా పేరు, సంవత్సరం, నిడివి, తీసినవాళ్ల పేర్లు అన్నీ ఒక పేజీలో ఉంటాయి, మధ్యలో ఎవరూ సబ్బులు అమ్మరు. ఇర్విన్ కాలం సినిమాలే వరసగా చూడాలనుకునేవాళ్లు 1950 నుంచి 1953 దాకా సంవత్సరం చూసి ఏరుకోవాలి. ‘నైబర్స్’, టోంకోవిచ్ కాక, 1952 నాటి ‘ది రొమాన్స్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్ కెనడా’ అనే కార్టూన్ కూడా ఆ వరసలోదే. పడవల నుంచి విమానాల దాకా కెనడాలో జనం ఎలా తిరిగారో నవ్విస్తూ చెబుతుంది, వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టొచ్చు.